తెలుగు మాటకు దొరకిన తావు

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున, రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజాగారు దానికి అండగా నిలిచిరి.

పుస్తకములకు తావు దొరకినను, సభలలో తెలుగు మాటకు మన్నన దొరకలేదు. 1921 నవంబరులో, వివేకవర్ధని నాటకశాలలో, మహర్షి కార్వే అధ్యక్షతన సంఘసంస్కార మహాసభ జరిగినది. ఉర్దూ, మరాఠీ, ఆంగ్లములలో పలికినవారిని సభ ఆలకించినది. ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున నుపన్యసింపగనే గేలిచేసినది. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘము పుట్టినది. ఊరూర గ్రంథాలయములు నెలకొల్పుట దాని ముఖ్యాశయములలో నొకటి.

నేడా నగరము పడమరకు పెరిగినది. మాదాపురమున 1998లో సైబర్ టవర్స్ లేచినవి. మన యూరి బిడ్డలు కొందరచ్చట కొలువులలో నున్నారు. బంజారాహిల్స్‌లో 2010లో నారంభమైన లామకాన్‌లో ఉపన్యాసములు, పుస్తకచర్చలు జరుగుచున్నవి.

మరి మన గ్రంథాలయమున? బీరువాలోని గ్రంథము దస్తరములో కట్టిపెట్టిన కాగితమువంటిది. నలుగురి నడుమ విప్పినగాని చెల్లదు. ఈ రజతోత్సవము మొదలుకొని నెలకొక సాయంకాలము ఒక పుస్తకముచుట్టు కూర్చుందము. పలుకువాడు తడబడినను గేలిచేయక విందము.