రిలే కట్టేసిన మోటరు

మీరు ఉప్పునుంతలలో బస్సు దిగారనుకోండి. సంక్రాంతి దాటి పది రోజులైంది. సాయంత్రం నాలుగున్నర. ఎండ మెత్తబడింది కానీ గాలిలో ఇంకా దుమ్ము వాసన ఉంది. అచ్చంపేట వైపు పోయే జీపు కోసం నలుగురు ఆడవాళ్లు చెట్టు కింద నిలబడ్డారు, చీర కొంగుల నిండా పచ్చి పల్లికాయ. రోడ్డు దాటి బడి గేటులోకి రండి. చిన్న తరగతుల పిల్లలు వెళ్లిపోయారు. చివరి గదిలో మాత్రం లైటు వెలుగుతోంది. పదో తరగతి స్పెషల్ క్లాసు.

వెనక బెంచీలో పిల్లలు జరిగి చోటిస్తారు. కూర్చోండి. ఉడకబెట్టిన శనగలు కాగితంలో పెట్టి మీకూ ఒక గుప్పెడు ఇస్తారు, వద్దనకండి.

గోడ మీద ఒక చార్టు వేలాడుతోంది. ప్రహరీ క్లబ్బు పిల్లలు గీసింది. హెడ్మాస్టరు, ఒక టీచరు, పిల్లలు, ఒక తల్లో తండ్రో, ఠాణా నుంచి ఒక పోలీసు కలిసి బడిని మాదకద్రవ్యాల నుంచి కాపాడాలని హైస్కూళ్లలో పెట్టిన క్లబ్బు అది. చార్టులో ఒక మనిషి గోడకు జారగిలబడి ఉన్నాడు. కళ్లు సగం మూసుకున్నాయి, నోరు తెరుచుకుంది. కింద ఎర్ర స్కెచ్‌పెన్నుతో ‘మత్తుకు బానిస కావద్దు’ అని రాశారు.

సైన్సు సారు చార్టు వైపు చూపిస్తారు. "మత్తంటే ఏంది బిడ్డా?"

సమాధానాలకు కొదవ లేదు. "కల్లు సార్." "మందు కల్లు సార్." "మా తాత తాగొచ్చి అరుగు మీదనే పంటడు సార్. లేపితే లెవ్వడు." గది నవ్వుతుంది. ఆ తాత మనవడూ నవ్వుతాడు, కొంచెం ఆలస్యంగా.

ఇక్కడి పిల్లలకు ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. చెట్టు నుంచి దిగిన కల్లు వేరు, దుకాణంలో కలిపిన కల్లు వేరు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రజోలం అన్న పేర్లు పాలమూరులో మందుల షాపులకంటే ముందు కల్లు దుకాణాల దగ్గరే వినబడ్డాయి. 2015లో కల్తీ మీద దాడులు జరిగి ఆ మందు ఒక్కసారిగా ఆగినప్పుడు మహబూబ్‌నగర్, నిజామాబాద్, మెదక్ జిల్లాల ఆస్పత్రుల్లో మంచాలు చాల్లేదు. ఫిట్స్ వచ్చినవాళ్లు, చేతులు వణికేవాళ్లు, గాలిలో ఎవరితోనో మాట్లాడేవాళ్లు. తాము రోజూ తాగుతున్నదేమిటో చాలామందికి మానేశాకే తెలిసింది. పదేళ్ల తర్వాత, 2025 సెప్టెంబరులో, హైదరాబాద్ బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు బడి భవనంలోనే అల్ప్రజోలం తయారీ పట్టుబడింది. ఆ సరుకు మహబూబ్‌నగర్ వైపు కల్లు దుకాణాలకు పోతోందని పోలీసులు చెప్పారు. పిల్లలు అక్షరాలు దిద్దే చోట ఆ పొడి ఆరబెట్టారన్న మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది.

సారు ఆ తాత కథను అక్కడే ఆపి, ఇంకో ప్రశ్న వేస్తారు.

"రెండేండ్ల తర్వాత మీరు హైదరాబాదుల హాస్టల్‌ల ఉంటరు. పొద్దుగాల్ల పరీక్ష. సగం సిలబస్ కాలేదు. పక్క రూము దోస్తు ఒక గోలీ ఇచ్చిండు. ‘ఇది మత్తు కాదు బే, మత్తు పోగొట్టేది. తెల్లందాక కూసోని చదువొచ్చు’ అన్నడు. అబద్ధం చెప్పకుర్రి. ఎవరు తీసుకుంటరు?"

గది నిశ్శబ్దమవుతుంది. కిటికీ పక్కన ఒక పొడుగాటి కుర్రవాడు ముందు చెయ్యెత్తుతాడు. వాడిని చూసి ఇంకొకడు. తర్వాత ఆడపిల్లల వైపు నుంచి రెండు చేతులు. లెక్కపెట్టండి, ఏడు. సారు కోప్పడరు. తలూపి, ఏడు అంకెను బోర్డు మీద ఒక మూలన రాసి, దాని చుట్టూ సున్నా చుడతారు.

నేను ఇక్కడికి మిమ్మల్ని తీసుకొచ్చింది ఆ ఏడు చేతుల కోసమే. మనం తెలుగులో అన్నిటినీ కలిపి ‘మత్తు పదార్థాలు’ అంటాం. గంజాయి, నల్లమందు, కల్తీ కల్లు, కొకైన్, మెత్, మెఫెడ్రోన్, అన్నీ ఒకే మూటలో కట్టేశాం. కానీ కొకైన్ మత్తు ఇవ్వదు. యాంఫెటమిన్ జాతి మందులూ ఇవ్వవు. నిద్ర చంపుతాయి, ఆకలి చంపుతాయి, ఒళ్లంతా కరెంటు పారినట్టు చేస్తాయి. కాబట్టి గోడకు జారగిలబడ్డ మనిషి బొమ్మ చూసి పెరిగిన పిల్ల, ఆ గోలీని చూసి ‘ఇది అది కాదులే’ అనుకుంటుంది. తప్పు పిల్లది కాదు. మనం చూపించిన బొమ్మ వేరు, వాళ్ల ముందుకు వచ్చే వస్తువు వేరు.

సారు సుద్దముక్క తీసుకుంటారు. సిరంజి గీస్తారనుకుంటారు మీరు. ఆయన బోరుబావి గీస్తారు. కేసింగు పైపు, అడుగున మోటరు, గట్టు మీద స్టార్టర్ డబ్బా.

"బోర్ల నీళ్లు అయిపోయినంక గూడా మోటరు నడిస్తే?"

"కాలిపోతది సార్!" ఒక్క గొంతు.

"ఎందుకు?"

"సుట్టూత నీళ్లుంటెనే అది సల్లగుంటది సార్. లేకుంటె వైండింగు పోతది."

"మరి కాలకుండ ఆపేది ఏంది?"

"రిలే సార్. ట్రిప్పయితది."

"ట్రిప్పు కాకుండ రిలేను కట్టేస్తే?"

ఈసారి జవాబు రావడానికి ఒక క్షణం పడుతుంది. ఈ గదిలో ఎన్ని ఇళ్లల్లో మోటరు కాలి, దాన్ని పైకి లాగి, రివైండింగుకు పంపి, అప్పు రాసుకున్నారో వాళ్లకే తెలుసు. "నడుస్తది సార్," అంటాడు ఒకడు మెల్లగా. "కాలేదాక నడుస్తది."

"అలసట మన రిలే," అంటారు సారు. "నిద్ర మన నీళ్లు. ఈ గోలీ బలమియ్యదు. రిలేను కట్టేస్తది, గంతే."

తర్వాత పది నిమిషాలు పాఠం. మెదడులో డోపమిన్, నార్‌అడ్రినలిన్ అనే రసాయనాలు అవసరానికి కొంచెం కొంచెం విడుదలవుతాయి. ఈ మందులు వాటిని ఒక్కసారిగా పొంగిస్తాయి, వెనక్కి పోనివ్వవు. గుండె వేగంగా కొట్టుకుంటుంది, రక్తపోటు పెరుగుతుంది, ఒళ్లు కాలిపోయేంత వేడెక్కుతుంది. వయసులో ఉన్నవాళ్లకూ గుండెపోటు రావచ్చు, మెదడులో రక్తనాళం చిట్లవచ్చు. దిగిపోయాక మనసు పాతాళానికి పడుతుంది. ఏ పనిలోనూ రుచి ఉండదు. మళ్లీ కావాలనిపిస్తుంది. రోజుల తరబడి వాడితే అనుమానాలు, లేని గొంతులు వినిపించడం. అసలు నష్టం ఇంకొకటి ఉంది. చదివింది జ్ఞాపకంలో బాగా కుదురుకునేది నిద్రలోనే. నిద్రను తీసేసి చదివిన చదువు ఇసుకలో పోసిన నీళ్లు.

ముందు బెంచీలో అమ్మాయి లేస్తుంది. "టీ గూడా గంతే కద సార్? మా అక్క పరీక్షలప్పుడు నాలుగు సార్ల తాగుతది."

మంచి ప్రశ్న. చాలామంది పెద్దలు దీన్ని దాటేస్తారు. సారు దాటరు. అవును, టీలో, కాఫీలో ఉన్న కెఫీన్ కూడా ఉత్తేజకమే. కానీ అది నిద్రొస్తోందని మెదడుకు చెప్పే కబురును కొంతసేపు అడ్డుకుంటుంది, అంతే. ఈ గోలీల దెబ్బ దానితో పోల్చరానిది. పైగా టీ పొడిలో ఏముందో మనకు తెలుసు. పొట్లంలో ఏం కలిపారో అమ్మేవాడికీ తెలియదు. ఇలాంటి కొన్ని మందులను జబ్బు చూసి, మోతాదు కట్టి డాక్టర్లు రాస్తారన్న మాట కూడా చెబుతారు. నిజం చెప్పిన పెద్దవాడి మాటే పిల్లలు హాస్టల్ గది దాకా మోసుకెళ్తారని నా నమ్మకం.

ఆ తర్వాత కథ జపానుకు పోతుంది. 1893లో నాగాయ్ నాగయోషి అనే శాస్త్రవేత్త ఎఫెడ్రిన్ నుంచి మెథాంఫెటమిన్ తయారుచేశాడు. 1941లో అది ‘ఫిలోపాన్’ పేరుతో మందుల షాపుల్లోకి వచ్చింది, అలసట పోగొట్టే గోలీ అని. సైనికులు మింగారు, రాత్రి షిఫ్టు కార్మికులు మింగారు. యుద్ధం ముగిశాక మిగిలిన నిల్వలు బజారున పడ్డాయి. చదువుకునే పిల్లలు, కూలీలు, రచయితలు దానికి చిక్కారు. చివరికి 1951లో ప్రత్యేక చట్టం తేవాల్సి వచ్చింది. "వాళ్లు కూడా మత్తు కోసం మొదలుపెట్టలేదు బిడ్డా. పని కోసం మొదలుపెట్టిండ్రు."

అప్పుడు ఇందాకటి అమ్మాయే అంటుంది: "మేస్త్రి అడ్వాన్సు లెక్క సార్."

గది ఒక్కసారి ఆమె వైపు తిరుగుతుంది. వివరించాల్సిన పని లేదు. పాలమూరు వలస కూలీల పిల్లలు, మనవలు వీళ్లు. పండగకు చేతిలో పడ్డ డబ్బు ఎన్ని నెలల చెమటతో తీరుతుందో, ఎంత చేసినా ఎందుకు తీరదో ఇంట్లో విన్నవాళ్లు. రేపటి బలాన్ని ఈ రాత్రికే అడ్వాన్సు తీసుకోవడం. సారు ఆ మాటను బోర్డు మీద రాస్తారు. ఆ పిల్ల తల వంచుకుని జడ చివర తిప్పుకుంటుంది.

చీకటి పడుతోంది. చట్టం గురించి త్వరగా చెబుతారు. మెఫెడ్రోన్‌ను 2015లోనే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి తెచ్చారు. పిల్లలకు మాదకద్రవ్యం ఇచ్చినవాడికీ, పిల్లలతో మోయించినవాడికీ బాల న్యాయ చట్టం ఏడేళ్ల దాకా జైలు చెబుతుంది. "మరి తీసుకున్నోడు?" అని వెనక నుంచి ఒక గొంతు. అలవాటు పడ్డవాడు తనంతట తాను వైద్యానికి వస్తే, వాడుక కేసు నుంచీ, కొద్ది మోతాదు కేసు నుంచీ రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఏ కూడా అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో ఉంది. ఈ సంగతి సారు రెండుసార్లు చెబుతారు. ఈ అలవాటు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్ 14446 నంబరు రాయిస్తారు. దోస్తు ఒళ్లు కాలిపోతూ, గుండె పట్టుకుని కూర్చుంటే వాడిని ఒంటరిగా వదలొద్దు, ముందు 108కి ఫోన్ చేయండి, ఏం తీసుకున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి అంటారు. పెన్నులు కదులుతున్న చప్పుడు మీకు వినిపిస్తుంది.

"రేపట్నుంచి హాజరు పిలిస్తే ప్రెజెంట్ సార్ అనొద్దు," అంటారు చివర్లో. "రాత్రి ఎన్ని గంటలు పండుకున్నరో చెప్పాలె."

మీరు ఆ రాత్రి ఊళ్లోనే ఉండిపోండి. పొద్దున మళ్లీ ఆ బెంచీలోనే కూర్చోండి.

"ఏడు సార్." "ఆరున్నర సార్." "ఎనిమిది సార్," నవ్వులు. "ఆరు." "ఏడు."

కిటికీ పక్క పొడుగాటి కుర్రవాడి వంతు. నిన్న అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"రెండు సార్."

సారు పెన్ను ఆగుతుంది.

"పల్లిశేను కాడ కావలికి పోయిన సార్. అడివి పందులు వడుతున్నయి. నాయినకు జరమొచ్చింది."

సారు రిజిస్టరులో రెండు అని వేస్తారు. మీరు కూర్చున్న చివరి బెంచీ వైపు చూసి, కొంచెం జరగమన్నట్టు సైగ చేస్తారు. మీరు లేవండి. కుర్రవాడు పుస్తకాల సంచీ తల కింద పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. సారు గొంతు తగ్గించి తర్వాతి పేరు పిలుస్తారు.