గౌట్ మాత్ర, తాత మతిమరుపు, మధ్యలో ఒక భీమవరం సైంటిస్ట్

ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న తెల్ల మాత్ర గురించి. మన గడ్డిఅన్నారంలో ఏ మెడికల్ షాపులో అడిగినా ఇస్తారు. పేరు అల్లోప్యూరినాల్. జైలోరిక్ అనే బ్రాండ్ పేరు చెప్తే మీ ఇంట్లో పెద్దవాళ్లు వెంటనే గుర్తుపడతారు. గౌట్ ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి రోజూ వేసుకునే మాత్ర ఇది.

తాత ఒకే మాట రెండుసార్లు అడగడం మొదలుపెడితే చాలు, ఇంట్లో అందరి చూపూ మాత్రల డబ్బా మీద పడుతుంది. "ఇన్ని మాత్రలు మింగితే మతి ఏం ఉంటుంది?" అని ఎవరో ఒకరు అంటారు. కొన్ని ఇళ్లలో ఆ రోజే మాత్ర ఆగిపోతుంది. మరి గౌట్ మందుకీ డిమెన్షియాకీ నిజంగా సంబంధం ఉందా? జవాబు తెలియాలంటే ముందు ఈ మందు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. ఆ దారి మన భీమవరం మీదుగా పోతుంది.

ముందు జబ్బు సంగతి. మన ప్రతి కణంలో ప్యూరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి విరిగిపోయాక మిగిలే చెత్త యూరిక్ యాసిడ్. కాలనీలోకి రోజూ చెత్త బండి వస్తుంది కదా, మన ఒంట్లో ఆ బండి పని ఎక్కువగా కిడ్నీలు చేస్తాయి. చెత్త ఎక్కువైనా, బండి సరిగ్గా రాకపోయినా యూరిక్ యాసిడ్ పేరుకుంటుంది. సూదుల్లాంటి స్ఫటికాలై కీళ్లలో కూర్చుంటుంది. అర్ధరాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ప్రాణం పోయేంత నొప్పి వస్తే, అది చాలాసార్లు గౌటే. ఎలుకలకీ ఆవులకీ యూరిక్ యాసిడ్‌ని ఇంకా కరిగించే ఎంజైమ్ ఉంది. మన పూర్వీకులు దాన్ని కోటి ఏళ్లకి పైగానే పోగొట్టుకున్నారు.

మన ఆయుర్వేదం దీనికి దగ్గరి జబ్బుని వాతరక్తం అంది. యూరప్‌లో కోల్చికమ్ అనే మొక్కని వాడేవాళ్లు. అందులోని కోల్చిసిన్‌ని 1820లో ఫ్రాన్స్‌లో వేరుచేశారు. అదే కోల్చిసిన్ మన అడవినాభి దుంపలో కూడా ఉంటుంది. డోసు తప్పితే విషం, కాబట్టి ఎవరూ ఇంట్లో ప్రయోగాలు చేయొద్దు. 1848లో లండన్ డాక్టర్ ఆల్ఫ్రెడ్ గారడ్ గౌట్ రోగుల రక్తంలో యూరిక్ యాసిడ్ ఎక్కువగా ఉంటుందని చూపించాడు. కారణం దొరికింది. కానీ కోల్చిసిన్ నొప్పిని తగ్గిస్తుందే తప్ప యూరిక్ యాసిడ్ తయారవడాన్ని ఆపదు. ఆపే మందు కోసం ఇంకో వందేళ్లకి పైగా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ మన మనిషి వస్తాడు. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఖాదీ వేసుకున్నందుకు ఇంగ్లీష్ ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ డిగ్రీతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మామగారి సాయంతో 1920ల మొదట్లో అమెరికా వెళ్లారు. అక్కడ హాస్పిటల్‌లో నైట్ పోర్టర్‌గా పనిచేస్తూ హార్వర్డ్‌లో చదివారు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి స్టేట్స్‌కి వెళ్లి, రాత్రిపూట పార్ట్‌టైమ్ చేసుకునేవాళ్లకి ఈ కథ కొత్తగా అనిపించదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి సుబ్బారావు 1929లో ఏటీపీని ప్రకటించారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా కనుక్కున్నాడు. ఏటీపీ అంటే కణాల్లో నడిచే ఎనర్జీ కరెన్సీ, ఇంటర్‌లో చదివే ఉంటారు. టెక్స్ట్‌బుక్ పెద్దగా చెప్పని సంగతి ఒకటుంది. ఏటీపీ కూడా ఒక ప్యూరిన్ పదార్థమే. అది పూర్తిగా విరిగితే చివరికి మిగిలేది యూరిక్ యాసిడ్.

అదే ల్యాబ్‌లో జార్జ్ హిచింగ్స్ అనే కుర్రాడు పీహెచ్‌డీకి చేరాడు. ఏటీపీ దొరికింది కాబట్టి, ప్యూరిన్లని కొలిచే పద్ధతులు తయారుచెయ్యమని అతనికి పని ఇచ్చారు. 1933లో పీహెచ్‌డీ అయింది. ఆ తర్వాత అతని జీవితమంతా ప్యూరిన్ల చుట్టూనే తిరిగింది.

1942లో బరోస్ వెల్‌కమ్ కంపెనీలో చేరాడు. 1944లో గెర్ట్రూడ్ ఎలియాన్ అతని టీమ్‌లోకి వచ్చింది. ఆమెకి పీహెచ్‌డీ లేదు. వాళ్లిద్దరూ పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి మెర్కాప్టోప్యూరిన్ అనే మందు తయారుచేశారు. ఒక చిక్కు వచ్చింది. ఒంట్లో ఉండే జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ ఆ మందుని త్వరగా పాడుచేస్తోంది. దాన్ని ఆపడానికి అల్లోప్యూరినాల్‌ని తీసుకొచ్చారు. యూరిక్ యాసిడ్‌ని తయారుచేసేది కూడా అదే ఎంజైమ్! దాంతో రోగుల్లో యూరిక్ యాసిడ్ బాగా పడిపోయింది. క్యాన్సర్ మందుకి తోడుగా వచ్చినది గౌట్ మందైంది. 1966లో అమెరికాలో అనుమతి వచ్చింది. 1988లో హిచింగ్స్, ఎలియాన్ నోబెల్ అందుకున్నారు.

సుబ్బారావుకి హార్వర్డ్ పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లి ఫోలిక్ యాసిడ్, హెట్రజాన్ లాంటి పెద్ద పనులు చేసి, 1948లో 53 ఏళ్లకే పోయారు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలు ఫిస్కే అసూయ వల్లే బయటికి రాలేదనీ, వాటిని తర్వాత వేరేవాళ్లు మళ్లీ కొత్తగా కనుక్కోవాల్సి వచ్చిందనీ హిచింగ్సే స్వయంగా చెప్పాడు. సుబ్బారావు అల్లోప్యూరినాల్ కనిపెట్టారని నేను అనట్లేదు, అలాంటి ఫార్వర్డ్‌లు చెయ్యకండి. ఆ మందు పుట్టిన దారికి మొదటి రాయి వేసినవాళ్లలో ఆయన ఒకరు. అంతే, అది చాలు.

ఇప్పుడు డిమెన్షియా సంగతి. భయం గాల్లోంచి పుట్టలేదు, దానికో లాజిక్ ఉంది. యూరిక్ యాసిడ్ ఒక యాంటీఆక్సిడెంట్ కూడా అని 1981లో బ్రూస్ ఏమ్స్ బృందం రాసింది. మెదడుని అదే కాపాడుతుంటే, మాత్రతో తగ్గించడం తప్పు కదా అనే ప్రశ్న వస్తుంది. 2016లో బ్రిటన్ నుంచి వచ్చిన స్టడీలో గౌట్ ఉన్నవాళ్లకి అల్జీమర్స్ 24 శాతం తక్కువగా కనిపించింది. ఆ ప్రశ్నకి బలం వచ్చింది.

కానీ 2018లో అమెరికాలో 65 దాటినవాళ్ల మెడికేర్ రికార్డులు చూస్తే కథ తిరగబడింది. అక్కడ గౌట్ ఉన్నవాళ్లకి డిమెన్షియా 15 శాతం ఎక్కువ. అదే బృందం మందుల్ని కూడా పోల్చింది. అల్లోప్యూరినాల్‌కీ, ఫెబుక్సోస్టాట్ అనే కొత్త మందుకీ మధ్య నమ్మదగ్గ తేడా రాలేదు. పైగా రోజుకి 200 మిల్లీగ్రాముల లోపు అల్లోప్యూరినాల్ వాడినవాళ్ల కంటే, ఎక్కువ డోసు వాడినవాళ్లలోనే డిమెన్షియా తక్కువ కనిపించింది. మందు మెదడుని తినేస్తుంటే లెక్క ఉల్టా రావాలి కదా?

అలాగని "ఎక్కువ డోసు మెదడుకి మంచిది" అని కూడా గెంతకూడదు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకి డాక్టర్లు తక్కువ డోసు ఇస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి డిమెన్షియా అసలే ఎక్కువ. అంటే మనకి కనిపించే తేడా డోసుది కాకపోవచ్చు, కిడ్నీది కావచ్చు. కోడ్‌లో రెండు ఎర్రర్లు ఒకేసారి వస్తే, ఒకటి ఇంకోదానికి కారణం అని తేల్చేస్తామా? రెండిటి వెనకా ఒకే బగ్ ఉండొచ్చు. ఇక్కడా అంతే. బీపీ, షుగర్, కిడ్నీ, వయసు, ఇవి గౌట్‌నీ డిమెన్షియానీ రెండిటినీ మోసుకొస్తాయి. యూరిక్ యాసిడ్‌ని కావాలని పెంచి పార్కిన్సన్స్‌ని ఆపుదామని చేసిన ట్రయల్ కూడా ఉంది, 298 మందితో. ఫలితాలు 2021లో వచ్చాయి. లాభం లేదు.

కాబట్టి ఈ మాత్ర డిమెన్షియా తెస్తుందని రుజువు లేదు. అసలు భయపడాల్సినవి వేరే. అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన మొదటి వారాల్లో ఒంటి మీద దద్దుర్లు వస్తే, మాత్ర ఆపి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అరుదే, కానీ ప్రాణం మీదకి రావచ్చు. ఫెబుక్సోస్టాట్ మీద 2019లో అమెరికా గుండె హెచ్చరిక పెట్టింది, 2020లో యూరప్ నుంచి వచ్చిన పెద్ద ట్రయల్‌లో మాత్రం ఆ ప్రమాదం కనిపించలేదు. గుండె జబ్బు ఉన్నవాళ్లు తమ డాక్టర్‌ని అడగాల్సిన విషయం ఇది.

మనంతట మనమే మాత్ర ఆపేస్తే యూరిక్ యాసిడ్ మళ్లీ ఎక్కుతుంది, ఆ బొటనవేలి రాత్రి మళ్లీ వస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి. మతిమరుపుకి మాత్రే కారణం అని తేల్చుకుంటే అసలు కారణం వెతకడం ఆపేస్తాం. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా, డిప్రెషన్ ఉన్నా, నిద్రమాత్రలు వాడుతున్నా మతిమరుపు వస్తుంది. వీటిలో చాలావాటిని సరిచేయొచ్చు. తాతకి మాత్ర ఆపే బదులు, ఆ డబ్బాలో ఉన్న మాత్రలన్నిటి పేర్లూ ఒక కాగితం మీద రాసి, బీ12, థైరాయిడ్, క్రియాటినిన్ టెస్టుల గురించి డాక్టర్‌ని అడగండి. మీ ఫోన్‌లో ఒక ఫొటో తీసుకున్నా సరిపోతుంది.

ఈ ఎపిసోడ్ ఇంతే ఫ్రెండ్స్. మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్ర వాడుతుంటే, వాళ్ల పక్కన కూర్చుని ఒకసారి వినిపించండి. సుబ్బారావు పేరు విన్నారా అని కూడా అడగండి. మళ్లీ కలుద్దాం.