కారణం తెలియదు – ఫైలు క్లోజ్!

చిన్నప్పుడు మా ఊరి లైబ్రరీలో బెర్ముడా ట్రయాంగిల్ గురించి చదివి రెండు రాత్రులు సరిగ్గా నిద్రపోలేదు. విమానాలు మాయం, ఓడలు మాయం, దిక్సూచి గిర్రున తిరుగుతుంది, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. ఊరి చెరువుగట్టు మీద నడవాలన్నా భయమేసేది (చెరువులో విమానాలెందుకు మాయమవుతాయని అడక్కండి, భయానికి లాజిక్కుండదు :)). సాఫ్ట్‌వేర్‌లోకొచ్చి, ఏళ్ల తరబడి ప్రొడక్షన్ బగ్గులు వెతికాక అవే కథలు మళ్ళీ చదివాను. ఈసారి భయం వెయ్యలేదు. ఎక్కడో చూసిన వ్యవహారంలా అనిపించింది.

ముందు ఆ ట్రయాంగిల్ కథలన్నిటికీ పెద్దన్నలాంటి ఫ్లైట్ 19 సంగతి చూద్దాం.

1945 డిసెంబరు 5. ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి అయిదు అమెరికా నౌకాదళ ఎవెంజర్ విమానాలు శిక్షణకి బయల్దేరాయి. మొత్తం 14 మంది. నాయకుడు లెఫ్టినెంట్ ఛార్లెస్ టేలర్. కాసేపటికి తన కంపాసులు రెండూ పనిచెయ్యట్లేదని రేడియోలో చెప్పాడు. కింద కనిపిస్తున్నవి ఫ్లోరిడా కీస్ దీవులనుకున్నాడు. నిజానికి అవి బహామాస్ దీవులు అయ్యుండాలి. అంటే తను ఫ్లోరిడాకి పడమటి పక్క ఉన్నాననుకున్నాడు, ఉన్నది తూర్పు పక్క. ఇల్లు చేరాలని తూర్పుకి తిప్పిన ప్రతిసారీ మరింత సముద్రంలోకి పోయాడన్నమాట! పడమటికెళ్తే ఇంటికి చేరతామని కుర్ర పైలట్లలో ఒకరు అనుకోవడం రేడియోలో వినబడిందట. చీకటి పడింది, వాతావరణం చెడింది, పెట్రోలు అయిపోయింది. వెతకడానికెళ్లిన మారినర్ విమానం కూడా 13 మందితో సహా తిరిగిరాలేదు. పెట్రోలు ఆవిర్లకి ఆ రకం విమానానికి పెట్టింది పేరు. అదే సమయానికి ఆకాశంలో మంటలు చూశామని ఒక ఓడవాళ్లు చెప్పారు.

ఇందులో మంత్రం ఎక్కడుంది చెప్పండి? తప్పు అంచనా ఒకటి, దానిమీద నమ్మకం ఒకటి. మనం రోజూ చేసేదే. కాన్ఫిగ్ ఫైలు తప్పని ఒకసారి మనసులో పడితే రాత్రంతా అదే తవ్వుతాం, బగ్గేమో పక్క మాడ్యూల్లో కూర్చుని నవ్వుతుంటుంది.

మరి ఇది మిస్టరీ ఎలా అయింది? మొదటి విచారణ నివేదిక తప్పంతా టేలర్ వైపు చూపించింది. వాళ్లమ్మ ఒప్పుకోలేదు. పట్టు వదలకుండా పోరాడింది. చివరికి 1947లో నౌకాదళం దాన్ని 'కారణాలు తెలియవు' అని మార్చింది. కొడుకు పేరు మీద మచ్చ పోవాలని ఒక తల్లి తెచ్చుకున్న మాట అది. అందులో తప్పేమీ లేదు. శకలాలే దొరకనప్పుడు అంతకంటే నిజాయితీగా ఏం రాస్తారు?

కానీ ఆ ఖాళీ జాగాలోకి అందరూ దూరారు. 1964లో విన్సెంట్ గాడిస్ ఒక పత్రికలో బెర్ముడా ట్రయాంగిల్ అన్న పేరు పెట్టాడు. 1974లో ఛార్లెస్ బెర్లిట్జ్ పుస్తకం రాస్తే లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. మరుసటేడాది అరిజోనాలో లారీ కుషే అనే లైబ్రేరియన్ ఒక సాదా పని చేశాడు. ప్రతి సంఘటనకీ ఆనాటి పేపర్లు, వాతావరణ రికార్డులు తీసి చూశాడు. ప్రశాంతమైన సముద్రం అని రాసినచోట తుఫాను ఉంది. ట్రయాంగిల్లో మాయమైందన్న ఫ్రేయా అనే ఓడ సంగతి జరిగింది అసలు పసిఫిక్‌లో! లాగ్ తెరిచి చూడకుండా ఒకరి మెయిల్ ఒకరు ఫార్వర్డ్ చేసుకున్నట్టు, ఒకరి పుస్తకంలోంచి ఒకరు ఎత్తి రాసుకున్నారంతే.

సరే, లాగులుంటే ఏమవుతుందో కూడా చూద్దాం. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447, 228 మందితో అట్లాంటిక్ మీద మాయమైంది. అయితే చివరి నిమిషాల్లో ఆ విమానం తనంతట తానే 24 మెసేజీలు పంపింది. ఆఖరి స్థానం తెలుసు కాబట్టి 40 నాటికల్ మైళ్ల వలయం గీశారు. బ్లాక్ బాక్సులకుండే బీకన్ల శబ్దం కోసం నెలరోజులు విన్నారు. ఏమీ వినబడలేదు. తర్వాత సోనార్లతో దఫదఫాలుగా వెతికారు. లేదు.

2011లో గణిత నిపుణులు పాత వెతుకులాటలన్నీ ముందేసుకుని బేయెస్ సిద్ధాంతంతో మళ్ళీ లెక్కకట్టారు. అందులో ఒక ప్రశ్న వేశారు: బీకన్లు అసలు మోగలేదేమో? అలాగనుకుంటే, ఏమీ వినబడలేదు కాబట్టి అక్కడ లేదు అని కొట్టేసిన ప్రాంతమంతా మళ్ళీ లెక్కలోకొస్తుంది. ఆ ఏప్రిల్లో వెతకడం మొదలుపెట్టిన వారంలోపే దొరికింది. ఆఖరి స్థానానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, 3,900 మీటర్ల లోతున. మే నెలలో బ్లాక్ బాక్సులు పైకొచ్చాయి. వేగం కొలిచే పిటో గొట్టాల్లో మంచు పేరుకుని, ఆటోపైలట్ ఊడిపోయి, పైలట్లు విమానం ముక్కు పైకెత్తి ఉంచడంతో స్టాల్ అయిందని తేలింది. ఎర్రర్ రాలేదంటే బగ్ లేదని కాదు, ఎర్రర్ పంపాల్సిందే చచ్చిపోయిందేమో అని మనవాళ్లలో ఎంతమందికి తడుతుంది? నాకైతే చాలాసార్లు తట్టలేదు.

ఇదంతా నాకు గుర్తొచ్చింది మన బంగాళాఖాతం వల్ల. 2016 జులై 22న చెన్నై పక్క తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి బయల్దేరిన వాయుసేన ఏఎన్-32లో 29 మంది ఉన్నారు. వాళ్లలో ఎనిమిది మంది విశాఖ నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు. విశాఖవాళ్లకి ఎన్ఏడీ అంటే ఓ జంక్షన్ పేరు, బస్సు దిగే చోటు. ఆ పేరు ఆ రోజుల్లో టీవీ కింద స్క్రోలింగులో తిరుగుతుంటే చూడ్డం వింతగా ఉండేది. ఎన్ని ఓడలు, విమానాలు గాలించినా ఏమీ దొరకలేదు. ఆ సెప్టెంబరులో చనిపోయినట్టుగా భావించమని కుటుంబాలకి చెప్పారు. భావించడం! దహనం చెయ్యడానికి దేహం లేదు, ఫలానా చోట అని చెప్పడానికి చోటు లేదు.

2024 జనవరిలో, అంటే ఏడున్నరేళ్లకి, చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్ల మనిషిలేని జలాంతర్గామి యంత్రం ఆ విమానం ఆఖరిసారి కనబడిన ప్రాంతంలో దిగింది. చెన్నై తీరానికి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాల ఫొటోలు తీసింది. అవి ఏఎన్-32 శకలాలతో సరిపోలాయని రక్షణ శాఖ ప్రకటించింది. మన దగ్గర ఏ ట్రయాంగిలూ లేదు. లోతు ఉంది, అంతే.

మిస్టరీ అన్న మాట దూరంగా కూర్చున్న మనకి బావుంటుంది, చాయ్ తాగుతూ చెప్పుకోడానికి. ఆ ఇళ్లల్లో దాన్ని మిస్టరీ అనరు. తలుపు చప్పుడైతే లేచి చూడ్డం అంటారు. గ్రహాంతరవాసులు, సముద్రగర్భంలో మంత్ర శక్తులు అంటూ మనం కథలల్లితే, వాళ్లకి దొరకాల్సిన జవాబుని ఇంకాస్త వెనక్కి నెట్టినట్టే.

2014లో 239 మందితో పోయిన మలేషియా ఎంహెచ్ 370 తర్వాత, సముద్రాల మీద ప్రయాణికుల విమానాలు పదిహేను నిమిషాలకోసారైనా ఎక్కడున్నాయో తెలియాలని 2018 నవంబరు నుంచి అంతర్జాతీయ ప్రమాణం పెట్టారు. మన చవకబారు సర్వరు కూడా నిమిషానికోసారి హార్ట్‌బీట్ పంపుతుంది కదా, ఆ బుద్ధి రావడానికి అంతమంది పోవాలా అనిపిస్తుంది.

ఈమధ్య ఓ టికెట్‌ని 'కారణం తెలియదు' అని రాసి క్లోజ్ చెయ్యబోయి ఆగాను. ఆ మాట రాయడం తప్పు కాదు. అది రాశాక ఫైలు మూసెయ్యడమే తప్పు. ఆ టికెట్ ఇంకా తెరిచే ఉంచాను, మా మేనేజరు రోజూ గుర్తుచేస్తున్నా సరే :)