డాలరు టికెట్టుకి తిమింగలం

టికెట్టు కొని, పడవెక్కి తిమింగలాలు చూసి రావడం మొన్నమొన్నటి వేడుకే. 1955లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో చక్ చాంబర్లిన్ అనే జాలరి మనిషికి డాలరు చొప్పున తీసుకుని జనాన్ని సముద్రంలోకి తీసుకెళ్లాడు. గిరాకీ ఉందని అప్పటికే తేలిపోయింది. 1950లో అక్కడి పాయింట్ లోమా కొండమీద తిమింగలాలు చూసేందుకు చోటు ఏర్పాటు చేస్తే తొలి ఏడాదే పదివేల మంది ఎక్కొచ్చారు.

అక్కడే ఎందుకంటే, అది బూడిదరంగు తిమింగలాలు నడిచే బాట. ఏటా ఆర్కిటిక్ నుంచి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ఉప్పునీటి మడుగుల దాకా వచ్చి, ఈని, పిల్లలతో తిరిగి వెళ్తాయి. రానూపోనూ 16,000 కిలోమీటర్ల పైమాటే. అంత దూరమూ చాలావరకు ఒడ్డు వెంబడే ఈదుతాయి.

మడుగుల్లోకి వచ్చి ఈనే అలవాటే వాటి ప్రాణాలమీదికి తెచ్చింది. 1857-58 చలికాలంలో చార్లెస్ స్కామన్ అనే వేట ఓడ కెప్టెన్ మడుగుల్లోకే చొరబడి, నూనె కోసం తల్లుల్ని చంపించాడు. పిల్ల జోలికొస్తే తల్లి తోకతో పడవల్ని పగలగొట్టేది. అందుకని వేటగాళ్లు దాన్ని దయ్యపు చేప అన్నారు. దయ్యం ఎవరో చెప్పడానికి దానికి నోరు లేదు మరి.

అలాంటి మడుగే శాన్ ఇగ్నాసియో. దయ్యం పేరు విన్న అక్కడి జాలర్లు తిమింగలం కనబడితే పడవ పక్కకి తిప్పేసేవారు. 1972లో ఓ రోజు పాచికో మయోరల్ అనే జాలరి చేపలు పడుతుండగా ఒకటి పడవ పక్కనే తేలింది. ఎంతసేపటికీ వెళ్లదు. పడవ అడుగున దూరి అటు తేలుతుంది, మళ్లీ ఇటు వస్తుంది. చివరికి ఆయనే భయంభయంగా చెయ్యి చాచి తాకాడు. పడవ అడుగున పట్టే గుల్లల్లాంటివి అతుక్కున్నచోట ఆ ఒళ్లు గరుకు, మిగతాదంతా నున్నన. ఇప్పుడు అదే మడుగులో జాలర్ల పడవలు సందర్శకుల్ని తీసుకెళ్లి ఆగుతాయి. దగ్గరికి రావాలో వద్దో తిమింగలం ఇష్టం.

1975లో అమెరికా తూర్పు తీరాన ప్రావిన్స్‌టౌన్‌లో ఆల్ అవెల్లార్ అనే ఆయన తిమింగలాలు చూపించే వ్యాపారం మొదలుపెడుతూ, పడవలోకి స్టార్మీ మేయో అనే శాస్త్రవేత్తనూ ఎక్కించుకున్నాడు. నా లెక్కలో అసలు మలుపు అదే. హంప్‌బ్యాక్ తిమింగలం తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు ఒకదానివి ఒకదానికుండవు. ఫొటోలు తీస్తూపోతే ఏ తల్లి ఏ ఏడు ఈనిందో లెక్క తేలింది. ఖర్చు టికెట్టు కొన్నవాళ్లది, చదువు శాస్త్రానిది.

2008 నాటికి ఈ సరదా 119 దేశాలకు పాకింది, ఆ ఏడాది 1.3 కోట్ల మంది పడవలెక్కారు. ఐస్‌లాండ్‌లోని రేక్‌జావిక్ రేవులో వేట ఓడలూ, సందర్శకుల పడవలూ పక్కపక్కనే లంగరు వేసుకునేవి. సముద్రంలో చూసొచ్చినవాళ్లే ఊళ్లోకెళ్లి తిమింగలం మాంసం రుచి చూడబోతే, ‘చూడండి, తినకండి’ అని ప్రచారం చేయాల్సి వచ్చింది.