పాత పుస్తకం చాట పూతగా మారిన తీరు

2016 అక్టోబరు 11న ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుంచి విడిపడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల పల్లెల్లో, తెలుగునాట మరెన్నో పల్లెల్లో లాగానే, పాత పుస్తకానికి రెండో బతుకు రోట్లో మొదలయ్యేది. తాటాకుల కాలంలో శిథిలమైన గ్రంథాన్ని నదిలో విడిచే ఆచారం ఉండేది; పారశీక 'కాగజ్' నుంచి పేరు తెచ్చుకున్న కాగితం వచ్చాక, 1938లో సిర్పూర్ కాగితపు మిల్లు ఏర్పడి బడి పుస్తకాలు, లెక్కల చిట్టాలు ఇళ్లలో పేరుకున్నాక, చిరిగిన పుటను నదిదాకా మోయవలసిన పని లేకపోయింది.

మేదరులు వెదురు బద్దలతో అల్లిన చాటలో వడ్లు చెరగవచ్చు గాని, పిండి, నూక సందుల్లోంచి జారిపోతాయి. అందుకని ఆడవాళ్లు పాత పుటలను చించి రెండు మూడు రోజులు నీళ్లలో నానవేసి, నానిన మెంతులతో కలిపి మెత్తగా రుబ్బి, ఆ గుజ్జును చాటకు ఇరువైపులా అరచేత్తో పలచగా మెత్తి ఆరబెట్టేవారు. మెంతుల జిగట నారను పట్టి ఉంచేది, చేదు పురుగును దూరంగా ఉంచేది. బోర్లించిన కుండ మీద అదే గుజ్జును పొరలు పొరలుగా వేసి, ఆరాక ఊడదీస్తే తేలికైన బుట్ట తయారయ్యేది. దానికి పసుపో జాజో (జాజు అంటే ఎర్రమట్టి రంగు) పూసి, అంచున సున్నపు చుక్కలు పెడితే అది పనిముట్టే కాక ఇంటికి అందం కూడా అయ్యేది.

నేటి పట్టణాల్లో పుటలను మడిచి పూలుగా, దండలుగా మార్చేవారు అచ్చు అక్షరాలు పైకి కనిపించాలని కోరుకుంటారు. పల్లె పద్ధతిలో అక్షరం పూర్తిగా నారలో కలిసిపోతుంది. కాలికి కాగితం తగిలితే కళ్లకద్దుకునే సమాజం చదువును తొక్కిడిలో పడనీయకుండా వాడుకోగలిగిన మార్గం ఇదేనని చెప్పవచ్చు. ఈ పనిలోని గొప్పతనం పొదుపులో కన్నా ఆ మర్యాదలోనే ఎక్కువగా ఉంది.

జనగామ శాసనసభ నియోజకవర్గంలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు చెక్కపొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముఖాల బొమ్మలు చేసే పద్ధతి దీనికి దగ్గరి చుట్టం: పారవేయవలసిన పొట్టు, వంటింటి జిగురు, పైన మెరిసే రంగు. పెళ్లి పందిళ్లకు, పీర్ల పండుగకు సుతిలి తాడుపై లైతో, అంటే ఉడికించిన మైదా జిగురుతో, అంటించిన రంగు కాగితాల జెండాలు మాత్రం వేరు కోవకు చెందినవి. వాటికి కొత్త కాగితమే వాడేవారు, పండుగతోనే వాటి పని తీరిపోయేది.

ప్లాస్టిక్ చాట అంగట్లోకి వచ్చాక రుబ్బే పని తగ్గింది, పాత పుస్తకాలు తూకానికి పోతున్నాయి. పూత వేసిన చాట ఇంకా మిగిలిన ఇళ్లలో, ఆ పూత పెచ్చు లేచిన చోట గోధుమరంగు నార మధ్య, సరిగా నలగని ఒక అక్షరపు తలకట్టు అప్పుడప్పుడు కనిపిస్తుంది.