యంత్రపు తొలిపలుకు

కంప్యూటరు మీట నొక్కిన క్షణమునకును, తెరపై బొమ్మలు కనుపించు క్షణమునకును నడుమ కొన్ని సెకనులు గడచును. ఆ కొద్ది వ్యవధిలో జరుగు పనికి గల చరిత్రను మేమిచ్చట ముచ్చటింపదలచితిమి.

యంత్రమునంతటిని నడపు ప్రధాన వ్యవస్థకు ఆపరేటింగ్ సిస్టమ్ అని పేరు. దానిని నిద్రలేపి నిలువబెట్టు చిన్న ప్రోగ్రామునకు బూట్ కోడ్ అని పేరు. మనుష్యులు వ్రాసిన ప్రోగ్రామును ప్రాసెసరు గ్రహింపగల ఆదేశములుగా మార్చునది కంపైలరు. ఏ ప్రాసెసరు కొఱకు మార్చవలెనో కంపైలరునకు ముందుగా చెప్పవలెను. క్రొత్త ప్రాసెసరు పేరు చెప్పిన యెడల క్రొత్త ఆదేశములతో చురుకైన ప్రోగ్రాము వచ్చును. పాత యంత్రము దానిని నడపజాలదు. పాతదాని పేరు చెప్పిన యెడల రెండింటను నడచును. క్రొత్తదాని బలము కొంత వృథా యగును. తక్కిన ప్రోగ్రాముల విషయమున ఇది లాభనష్టముల లెక్క. బూట్ కోడ్ విషయమున మాత్రము అట్లు కాదు.

ఇంటెల్ సంస్థ 1978లో 8086 అను 16 బిట్ల ప్రాసెసరును వెలువరించెను. దాని తోబుట్టువైన 8088ను ఐ.బి.ఎం. సంస్థ 1981 ఆగస్టులో తన పర్సనల్ కంప్యూటరునందు నెలకొల్పెను. 1982లో 80286, 1985లో 32 బిట్ల 80386 వచ్చినవి. బలము పెరిగినను ఈ వంశమున పుట్టిన ప్రతి ప్రాసెసరును విద్యుత్తు అందిన మఱుక్షణమున తాను 8086నే అన్నట్లు మేల్కొనుచు వచ్చెను. పాత ప్రోగ్రాములు కొన్నవారిని విడువరాదన్న వ్యాపారనీతియే ఇందుకు కారణము. బయాస్ అను అంతర్గత ప్రోగ్రాము డిస్కుమీది మొదటి 512 బైట్లను జ్ఞాపకములో 31,744వ చిరునామాకు తెచ్చి, ఇక నీ ఇష్టమని వదలివేయును. ఆ ఇఱుకు చోటినుండియే ఆపరేటింగ్ సిస్టమ్ తన కాలు సాచవలెను.

1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ 386 యంత్రముపై లినక్స్‌ను ఆరంభించెను. ఆయన వాడిన కంపైలరు 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ వెలువరించిన జీ.సీ.సీ. అది 386 కొఱకు 32 బిట్ల ఆదేశములనే వ్రాయగలిగియుండెను. 16 బిట్ల మాట దానికి రాదు. కనుక మేలుకొలుపు భాగమును యంత్రభాషకు సమీపమైన అసెంబ్లీలో చేతితో వ్రాసి, బ్రూస్ ఇవాన్స్ రచించిన ఏఎస్86 అను వేరొక పరికరముతో మార్చిరి. ఒకే ఇంటిలో రెండు భాషలు నడచినవి.

తరువాత 486 వచ్చెను. నాటి జీ.సీ.సీ.లో 486 పేరు చెప్పినను ఆదేశముల వరుస మాత్రమే మాఱెడిది. ఆ ప్రోగ్రాము 386పైనను నడచెడిది. నడక మాఱెనేగాని పలుకు మాఱలేదు. 1995లో వచ్చిన పెంటియమ్ ప్రోతో ఈ సౌఖ్యము తీఱెను. షరతు నెఱవేరిననే విలువను ఒక చోటినుండి మఱియొక చోటికి చేర్చు క్రొత్త ఆదేశము అందు చేరెను. ఐ686 అని పేరు చెప్పిన కంపైలరు దానిని ధారాళముగా వాడును. 1993 నాటి పెంటియమునకు అది అర్థముకాని మాట. మామూలు ప్రోగ్రాములో అట్టి మాట తటస్థించిన, ఆపరేటింగ్ సిస్టమ్ దానిని పట్టి నిలిపి కారణము చెప్పును. బూట్ కోడ్ నడచునపుడు ఆ పట్టువాడింకను పుట్టలేదు. యంత్రము స్తంభించును, తెర నల్లగా నిలుచును. డిస్కు చెడెనా, తీగ ఊడెనా, యంత్రమే చచ్చెనా అని దాని యజమాని తల పట్టుకొనవలసినదే. ప్రాతయంత్రముతో నెట్టుకొనివచ్చువారి ఇండ్లలో ఇది చిన్న కష్టము కాదు.

2007లో హెచ్. పీటర్ ఆన్విన్ ఆ అసెంబ్లీ భాగమును సీ భాషలో తిరుగవ్రాసెను. ఆ అక్టోబరున వెలువడిన లినక్స్ 2.6.23లో అది చేరెను. కంపైలరు 32 బిట్ల ఆదేశములనే వ్రాయును. అసెంబ్లరు వానికి తగిన ముందుగుర్తులు తగిలించి 16 బిట్ల స్థితిలో నడచునట్లు చేయును. మా దృష్టిలో ఇంతకన్న మిన్నయైన విషయమొకటి కలదు. ప్రధాన కెర్నెలును ఏ ప్రాసెసరు కొఱకు నిర్మించినను, ఈ మేలుకొలుపు భాగమును మాత్రము 386 పేరుననే కంపైల్ చేయించిరి. ఏలయన, యంత్రమును పరీక్షించు బాధ్యత దీనిదే. ప్రాసెసరులోని గుర్తులలో 18వ బిట్టును మార్చిచూచును. మాఱకున్న అది 386. పిమ్మట 21వ బిట్టును మార్చిచూచును. మాఱినచో ప్రాసెసరునే దాని వివరములడుగును. చాలని యంత్రమైనచో, కావలసిన ప్రాసెసరు ఇది, ఇచ్చట కనుపించినది ఇది యని తెరపై వ్రాసి ఆగును. వాకిటి కావలివానికి లోపలివారి భాష మాత్రమే వచ్చిన యెడల, వచ్చినవానిని లోనికి రానీయలేడు సరికదా, పొమ్మనికూడ చెప్పలేడు.

2012 డిసెంబరులో 386ను విడనాడ నిశ్చయించిరి. 2013 ఫిబ్రవరిలో వెలువడిన 3.8వ కూర్పునుండి లినక్స్ తాను పుట్టిన యంత్రముపైననే నడువదయ్యెను. ఐనను వాకిటి భాగము 386 మాటనే నిలుపుకొనెను. దీనిని పాతవానిపై మమకారమని కొందఱు తలపవచ్చును, మేమట్లు తలపము. నిరాకరణము అర్థమగు మాటలో ఉండవలెనన్న పట్టుదల ఇది.

క్రొత్త ప్రాసెసరులతోను చిక్కు లేకపోలేదు. 1999లో పెంటియమ్ 3తో వచ్చిన ఎస్.ఎస్.ఈ. ఆదేశములు 64 బిట్ల ప్రాసెసరులన్నిట కలవు గనుక కంపైలరు వానిని అడుగకయే వాడును. కాని అవయవముండుట వేఱు, అది మేల్కొనియుండుట వేఱు. ఆపరేటింగ్ సిస్టమ్ నియంత్రణ బిట్టును సరిచేయువఱకు ఆ ఆదేశములు పనిచేయవు. కావున బూట్ కోడ్ వ్రాయువారు వానిని వాడవద్దని కంపైలరునకు నిషేధము చెప్పుదురు.

2014లో వచ్చిన జీ.సీ.సీ. 4.9 ఈ 16 బిట్ల ముందుగుర్తుల పనిని తానే చేయ నేర్చెను. 2023లో ఇంటెల్ ఆ 16 బిట్ల మేల్కొలుపునే తొలగించి, ప్రాసెసరును నేరుగా 64 బిట్ల స్థితిలో లేపుదమని ప్రతిపాదించెను. 2024 డిసెంబరులో ఆ యోచనను విరమించుకొనెను.