ముసలమ్మ కట్ట

కట్ట మీద కాలు పెడితే మట్టి మెత్తగా దిగబడుతోంది.

వాన తెరిపివ్వలేదు. పండమేరు పొంగి చెరువులోకి దూకుతోంది. మరవ నిండుగా పారుతున్నా నీటిమట్టం తగ్గట్లేదు. కాగడాలు వెలిగించినవి వెలిగించినట్టే ఆరిపోతుంటే, గంపలూ పారలూ పట్టుకున్నవాళ్లు, గడ్డిమోపులు నెత్తికెత్తుకున్నవాళ్లు, కంప మండలు ఈడ్చుకొచ్చేవాళ్లు, చేతికందిన రాయల్లా మోసుకొచ్చేవాళ్లు, జారుతూ లేస్తూ ఒకరినొకరు కేకలేసుకుంటూ బుక్కరాయసముద్రం ఊరు ఊరంతా కట్టెక్కింది. పోసిన మట్టి పోసినట్టే కొట్టుకుపోతోంది. కట్ట దిగువన మడులు. ఆ పక్కనే ఇళ్లు. ఇళ్లలో ముసలీ ముతకా. అంతలో చీకట్లోంచి ఒక అరుపు.

గండి పడింది!

ఆ ఊరు పుట్టిందే ఆ కట్టతో. 1364లో విజయనగరాన్ని మొదటి బుక్కరాయలు ఏలుతున్నాడు. ఆయన మంత్రి చిక్కప్ప ఒడయారు పండమేరుకు అడ్డంగా కట్ట వేయించాడు. తూర్పు తూము దగ్గర ఒక ఊరు నిలిపాడు, పడమటి తూము దగ్గర ఇంకొకటి. మొదటిదానికి రాజు పేరు పెట్టి బుక్కరాయసముద్రం అన్నాడు. రెండోదానికి రాణి పేరు పెట్టి అనంతసాగరం అన్నాడు. ఆ రెండో ఊరే పెరిగి పెరిగి అనంతపురమైంది. కరువు సీమలో రెండు ఊళ్లకు తిండి పెట్టే కట్ట అది. తెగితే రెండూ పోతాయి.

అది తెగకుండా చూసుకోవడం ఎలాగో ఆ కాలం వాళ్లకు తెలియక కాదు. ఐదేళ్ల తర్వాత, 1369లో, బుక్కరాయల కొడుకు భాస్కరుడు పోరుమామిళ్ల చెరువు దగ్గర లెక్కంతా రాతి మీద చెక్కించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలూ అందులోనే ఉన్నాయి. వాటిలో మొట్టమొదటిది కట్టలోంచి నీరు ఊరడం. ఇక్కడ ఆ ఊట ఎప్పుడు మొదలైందో ఎవరి కంటా పడలేదు. ఇప్పుడు చూద్దామన్నా కనబడేది ఒక్కటే, నురగలు కక్కుతూ నిమిషానికింత వెడల్పవుతున్న గండి.

అప్పుడు ఒక మాట వినబడిందని కథ చెబుతుంది. బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మను బలిస్తేనే కట్ట నిలుస్తుంది.

పారలు ఆగిపోయాయి. ఊరిపెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నోరు విప్పలేదు. బసిరెడ్డి ఇంటివైపు మాత్రం కొన్ని కాళ్లు కదిలాయి.

ఇంట్లో చూరు కారుతోంది. గోడ వారగా పెట్టిన కుండల్లో చినుకులు టపటపమంటున్నాయి. వచ్చినవాళ్లు గడప బయటే నిలబడ్డారు. చెప్పాల్సింది మామకు చెప్పారు. తలుపు చాటున కోడలు విన్నది. మామ కాదన్నాడు, మొగుడు అడ్డం పడ్డాడు, ఇంటిల్లిపాదీ గొల్లుమన్నారు. ఆమె ఏడవలేదు. తల మీద నీళ్లు పోసుకుంది. పసుపు రాసుకుంది, బొట్టు పెట్టుకుంది. ఒక్కొక్కరి కాళ్లకూ మొక్కి గడప దాటింది.

కట్ట మీద జనం రెండు పాయలుగా విడిపోయి దారిచ్చారు. పట్టుకోవడానికి ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు. ఆమె నడిచింది. గండి అంచున ఒక్క క్షణం ఆగింది.

దూకింది.

ఆమె మీద మట్టి పడింది, రాయి పడింది. తెల్లారేసరికి కట్ట నిలబడి ఉంది.

ఈ గాథను ఊరు మరిచిపోలేదు. ఈ గాథ ఉన్న అనంతపురం చరిత్రను సి.పి. బ్రౌన్ ఇంగ్లిషులోకి మార్చి 1853లో మద్రాసులో అచ్చు వేయించాడు. ఈ కథనే తీసుకుని 1899లో కట్టమంచి రామలింగారెడ్డి అనే కుర్రాడు ‘ముసలమ్మ మరణం’ కావ్యం రాశాడు. కట్ట మీద ముసలమ్మకు గుడి ఉంది. ఆ చోటును ఇవాళ్టికీ ముసలమ్మ కట్ట అనే పిలుస్తారు.

కథ ఆమెను దేవతను చేసింది. మంచిదే. కానీ గండిని పూడ్చింది మట్టీ రాయీ, రాత్రంతా వాటిని మోసిన భుజాలూ. కట్ట బాగోగులు చూసుకునేవాళ్లకు దశబంధం పేరుతో ఇనాం భూములిచ్చిన సీమ ఇది. ఎండల్లో చేయాల్సిన మరమ్మతు వానల దాకా వాయిదా పడితే, దానికి ఎవరో ఒకరు ప్రాణంతో లెక్క కట్టాల్సి వస్తుంది. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ ఇంట్లో నోరులేని మనిషే అవుతారు. పెద్దకొడుకు పేరో పెత్తందారు పేరో ఆ రాత్రి ఎవరికీ వినబడలేదు.

ఓబులదేవరచెరువు, బుక్కపట్నం, కొత్తచెరువు, ధర్మవరం. ఈ చుట్టుపక్కల ఊరి పేరులోనో ఊరి పక్కనో ఒక చెరువు ఉంటుంది. మీ ఊరి కట్ట మీద సర్కారు కంప మొలిచి ఉంటే ఎండాకాలంలోనే కొట్టించండి, అది మానై వేర్లు కట్టను చీల్చకముందే. తూము తలుపు ఆడుతోందో లేదో చూడండి. మరవకు అడ్డంగా ఎవరైనా మట్టి పోస్తే గ్రామసభలో నిలదీయండి. ఏ కట్టకూ ఇంకో ముసలమ్మ అక్కర్లేదు. వానలు రాకముందు నాలుగు గంపల మట్టి చాలు.